ఎవరూ నిద్ర లేవలేదు

"నీకింత గొంతుందని నాకు తెల్దే, పిల్లా" అంది అప్పలకొండమ్మ.

బుధవారం పొద్దున్న అశ్విని గిన్నెలు తోముతుంటే అత్తగారు అన్న మాట అది. అందులో కోపం లేదు, వెటకారమూ లేదు. కుళాయి పక్క గట్టు మీద కూచుని టీలో బిస్కట్టు ముంచుకుంటూ, వాన వచ్చేలా ఉందన్నట్టు అంది. అశ్విని చేతిలో పళ్ళెం ఆగిపోయింది. లోపలి గదిలో మనోహర్ పడుకుని ఉన్నాడు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి ఇంకా గంట కాలేదు. ఆయన ఆ వీడియో చూశారా అని గొంతు తగ్గించి అడిగింది.

"మన జగన్మోహన్ నిన్ననే ఆడి ఫోన్లోకి పంపీసినాడంట. సూసినాడు. ఏటీ అన్నేదు."

ఏటీ అనలేదు. ఎనిమిదేళ్ళ కాపురంలో మనోహర్ తిట్టిన రోజులంటే ఆమెకు పెద్ద భయం లేదు. తిట్టు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో తెలుసు. ఏమీ అనని రోజు ఎక్కడ ఆగుతుందో తెలియదు.

బెంగాలీల ఊళ్ళో, గార్డెన్ రీచ్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో అన్నిటికంటే పెద్దది మనోహర్ నిద్ర. అతను కార్పొరేషన్ నీళ్ళ పంపుహౌసులో ఆపరేటరు. నెలలో ఇరవై రోజులు రాత్రి డ్యూటీ, పగలు పడక. పెళ్ళయిన మూడో రోజున అశ్విని పప్పు పెడితే, మొదటి కూతకే లేచి వచ్చి, ఒక్క మాటా అనకుండా, కుక్కర్ని గుడ్డతో పట్టుకుని తీసుకెళ్ళి వీధి కాలవలో పెట్టి మళ్ళీ పడుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో కుక్కర్ కూత వెయ్యలేదు. అశ్విని పక్కనే నిలబడి, వెయిటుని గరిటెతో కాస్త ఎత్తి పట్టి, ఆవిరిని కొంచెం కొంచెంగా వదిలేది. గిన్నెలు తోమితే కింద తడిగుడ్డ పరిచి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు ఒక్కొక్కటే పెట్టేది. తలుపు బందులకు వారం వారం నూనె వేసేది. ఊరికి నీళ్ళిచ్చే మనిషికి నిద్ర లేకపోతే ఎలాగని అడిగేవాడు మనోహర్, అదీ నిజమే కదా అనుకునేది. వండడం పని అంటే ఎవరైనా ఒప్పుకుంటారు. చప్పుడు కాకుండా వండడం కూడా పనేనని, దానికి చేతులే కాక ఊపిరి కూడా బిగపట్టాలని ఎవరికి చెప్పుకోవాలి? చేసినట్టు తెలియకుండా చేస్తేనే చేసినట్టు. కూతురు ప్రణతికి మాటలొచ్చిన ఏడాదే గుసగుసలూ నేర్పింది. ఆరేళ్ళ పిల్ల తరగతిలో పద్యం కూడా గుసగుసగానే చెబుతోందని మొన్న టీచరు పిలిపించి, గొంతు డాక్టరుకి చూపించమంది. పిల్ల గొంతులో ఏమీ లేదని అశ్వినికి తెలుసు. తెలిసీ ఆ మాట చెప్పలేక, సరే మేడమ్ అని వచ్చేసింది.

ఖిదిర్‌పూర్‌లో ఆమె పనిచేసే రక్తపరీక్షల కేంద్రంలోనూ అంతే. కౌంటరు అవతల నిలబడ్డవాళ్ళు ఎంత అరిచినా ఇవతల కూచున్న ఆడపిల్ల మెల్లగా, నవ్వుతూ మాట్లాడాలి. ఆమె పక్క కుర్చీలో కూచునే సమీర ఆ రూలుని లెక్కచెయ్యదు. సమీర చెల్లెలు ఒక పంక్ బ్యాండులో డ్రమ్స్ వాయిస్తుంది. ఆదివారం మధ్యాహ్నం పార్క్ సర్కస్ దగ్గర ఒక పాత హాల్లో నాలుగు బ్యాండ్లు వాయిస్తున్నాయి, నాతో రా దీదీ, సాయంత్రం ఆరుకల్లా ఇంట్లో ఉంటావని సమీర నెల రోజులు వెంటపడింది. అశ్విని మెడికల్ క్యాంపు డ్యూటీ అని ఇంట్లో చెప్పి వెళ్ళింది. అబద్ధం ఆడటం అంత తేలిగ్గా ఉంటుందని ఆమె అనుకోలేదు.

మొదటి బ్యాండు మొదలుపెట్టగానే అశ్విని రెండు చెవులూ మూసుకుని గోడకి అంటుకుపోయింది. అది పాటలా లేదు. ఇనప సామాన్ల లారీ తిరగబడ్డట్టుంది. అంత చప్పుడులోనూ ఆమెకి వచ్చిన మొదటి ఆలోచన, ఆయన నిద్ర లేస్తారని. మనోహర్ అక్కడికి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్నాడు. ముందు వరసలో కుర్రాళ్ళు, ఆడపిల్లలు, చిరుగుల చొక్కాలు, సగం గొరిగిన తలలు, ఒకరినొకరు భుజాలతో గుద్దుకుంటూ గుండ్రంగా తిరుగుతున్నారు. వాళ్ళ మధ్యలో భుజాన ఆఫీసు సంచీ ఉన్న నడివయసు మనిషొకడు కళ్ళు మూసుకుని గెంతుతున్నాడు. ఇది కొట్లాట, ఇక రక్తాలు కారతాయి అనుకుంది. అంతలో ఒక సన్నటి పిల్ల జారి కింద పడింది. గుంపు మొత్తం క్షణంలో విడిపోయింది, నాలుగు జతల చేతులు ఆ పిల్లని పైకి లేపాయి, ఒకడు ఆమె కళ్ళజోడు వెతికి ఇచ్చాడు, మళ్ళీ గుద్దుకోవడం మొదలైంది. కింద పడితే లేపుతారన్న మాట. అశ్విని చెవుల మీంచి చేతులు తీసింది.

మూడోది సమీర చెల్లెలి బ్యాండు. నలుగురూ ఆడపిల్లలే. పాడే పిల్ల మైకు నోట్లోకి తోసుకున్నంత దగ్గరగా పట్టుకుని ఒకే మాట అరిచింది. "నా." బెంగాలీలో కాదు, వద్దు అని. హాలంతా వెనక్కి అరిచింది, "నా." పాట అంతా దాదాపు అదే. అశ్విని టికియాపారా రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగింది, బెంగాలీ ఆమెకి తెలుగంత దగ్గర. అయినా ఆ మాట ఇంటి భాషలో కూడా వినపడింది. నా. నాది. ఎప్పుడు నోరు తెరిచిందో ఆమెకే తెలియదు. తెరిచాక లోపల్నుంచి వచ్చింది ఆమె ఎరిగిన గొంతు కాదు. బొంగురుగా, లావుగా, ఎవరో పెద్దమనిషిదిలా ఉంది. పక్కనున్న పిల్లలు తిరిగి చూసి, సంతోషంతో ఆమె భుజాలు పట్టుకుని ఊపారు.

బయటికి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. మెట్ల మీద ఇద్దరు పిల్లలు ఫోను, మైకు పట్టుకుని, వచ్చినవాళ్ళని ఎలా ఉందని అడుగుతున్నారు. ఒకడు ఫాటాఫాటి, అదిరిపోయింది అని అరిచాడు. ఒకమ్మాయి తన మెడ విరిగిందంటూ నవ్వింది. ఆఫీసు సంచీ మనిషి సోమవారం మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళాలన్న సంగతి గుర్తు చెయ్యొద్దన్నాడు. మైకు అశ్విని ముందుకొచ్చింది. కేమొన్ లాగ్లో, దీదీ? ఆమె బెంగాలీలోనే జవాబు చెప్పింది. మా ఇంట్లో కుక్కర్ కూడా కూత వెయ్యకూడదు, ఎనిమిదేళ్ళ నుంచీ. ఇవాళ నేను అరిచాను. ఎవరూ నిద్ర లేవలేదు.

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు మాత్రం నవ్వలేదు. అది ఆమె గమనించింది.

సోమవారం రాత్రికి ఆ వీడియో ముక్క ఊరంతా తిరిగింది. హాల్లో ఎవరో తీసిన, ఆమె అరుస్తున్న బొమ్మ, తర్వాత మెట్ల మీద ఆ నాలుగు మాటలు. మంగళవారం కౌంటరు దగ్గర రక్తం ఇవ్వడానికొచ్చిన ఒక ముసలావిడ ఆమెని గుర్తుపట్టి, చెయ్యి నొక్కి వెళ్ళింది. వీడియో కింద రాతలు వందల్లో ఉన్నాయని సమీర చదివి వినిపించింది. మా ఇంట్లోనూ, మా ఇంట్లోనూ అని రాసినవాళ్ళు ఎందరో. ఎవడి పెళ్ళామిది, తీసుకెళ్ళి కట్టేసుకోమని రాసినవాళ్ళూ ఉన్నారు. అదే రోజు మనోహర్ చిన్నాన్న కొడుకు జగన్మోహన్ దాన్ని మన తెలుగువాళ్ళ గ్రూపులో పెట్టాడు. పంపుహౌసులో రాత్రి షిఫ్టువాళ్ళు మనోహర్‌ని కుక్కర్ దాదా, అంటే కుక్కర్ అన్నయ్య, అని పిలవడం మొదలెట్టారట. ఆ మాట ఆమెకి తర్వాత జగన్మోహన్ పెళ్ళాం ద్వారా తెలిసింది.

బుధవారం సాయంత్రం మనోహర్ లేచి, మొహం కడుక్కుని, టీ తాగాడు. మూడు రోజులు సెలవు పెట్టానన్నాడు. అతను సెలవు పెట్టడం ఆమె ఎప్పుడూ చూడలేదు. తర్వాత వంటింట్లోకి వచ్చి, ముక్కాలి పీట లాక్కుని గుమ్మానికి అడ్డంగా కూచున్నాడు.

"కుక్కరెట్టు" అన్నాడు.

పెట్టింది. గరిటె తీసుకోబోతే చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా కూడా కాదు, మణికట్టు చుట్టూ రెండు వేళ్ళు వేసి ఊరికే ఉంచాడు. మొదటి కూత వచ్చింది. ఎనిమిదేళ్ళ తర్వాత ఆ చప్పుడుకి అశ్విని ఒళ్ళంతా అదిరింది. రెండోది, మూడోది. అయిదో కూతకి ప్రణతి గుమ్మం అవతల నిలబడి చెవులు మూసుకుంది. అశ్విని పొయ్యి కట్టెయ్యడానికి రెండో చెయ్యి చాచింది.

"ఉండనీ. కూత కావాలని చెప్పావు కదా ఊరందరికీ."

అతను నవ్వుతున్నాడు. పళ్ళు కనపడకుండా, పెదవులు మాత్రం కాస్త సాగి. ఎనిమిది, తొమ్మిది. కూత సన్నబడింది. మాడువాసన మొదలైంది. నీళ్ళు అయిపోయాయని, ఇంకాసేపుంటే సేఫ్టీ వాల్వు పేలిపోతుందని ఆమెకి తెలుసు, యంత్రాల మధ్య బతికే మనిషికి ఇంకా బాగా తెలుసు. పాప అక్కడుందని అంది. నాకు కనపడుతోందిలే అన్నాడు. ఆ వాసన ఇల్లంతా నిండేదాకా ఆమె మొహం తీరిగ్గా చూసి, లేచి తనే పొయ్యి కట్టేశాడు. బాగుందా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికెళ్ళి పడుకున్నాడు. ఆమె మణికట్టు మీద చిన్న గుర్తు కూడా లేదు. ఎవరికి చూపించాలన్నా చూపించడానికి ఏమీ లేదు, మాడిన పప్పు తప్ప.

గురువారం ఆమె ఉద్యోగానికి బయలుదేరితే, నువ్వు మానేశావని మీ ఆఫీసుకి చెప్పేశానని అన్నాడు మనోహర్. అదే మెత్తటి గొంతు. అశ్విని టికియాపారాలో ఉన్న తండ్రికి ఫోన్ చేసింది. జయప్రకాశ్ రైలు పెట్టెలు కడిగే పనిలో ముప్ఫయ్యేళ్ళు చేసి రిటైరైనవాడు, కూతురి మీద ప్రేమ లేనివాడు కాదు. అల్లుడు పొద్దున్నే మాట్లాడాడమ్మా, ఎంత మర్యాదగా మాట్లాడాడో, కొట్టలేదు కదా, కొన్నాళ్ళు నోరు కట్టుకో అన్నాడు. కొట్టలేదు కదా. ఆమె ఫోను పెట్టేసింది. కొట్టాక చెప్పుకోవాలన్న మాట. దానికి ముందుది ఎవరి లెక్కలోకీ రాదు.

శుక్రవారం మధ్యాహ్నం మనోహర్ బజారుకి వెళ్ళాడు. ప్రణతి బడి నుంచి అప్పుడే వచ్చి అన్నం తింటోంది. అప్పలకొండమ్మ కోడల్ని పిలిచి, ఇటు కూకో అని తన కుడివైపు చూపించింది. ఎడమవైపు నుంచి పిలిస్తే ఆవిడ పలకదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. వయసు మీద పడిందనే అశ్విని అనుకునేది.

"ఇది ముసలి సెవుడు కాదే" అంది అప్పలకొండమ్మ, ఎడమ చెవి మీద చెయ్యి వేసుకుని. "ఆడి బాబు, నా పెనిమిటి, కొట్టింది. నానప్పుడు కార్పొరేషన్ల రోడ్లూడిసీదాన్ని. జీతం నా సేతికే ఇమ్మని జీతాలిచ్చీ గుమస్తాతో సెప్పినాను. అంతే. కొట్టినప్పుడు నొప్పి గుర్తు నేదు. దానికి ముందర మూడ్రోజులు నవ్వీవోడు. కేకల్నేవు, తిట్టుల్నేవు. అది గుర్తు."

అత్తగారు కోడలి మొహంలోకి చూడకుండా, గోడకి చెబుతున్నట్టు మిగతాది చెప్పింది. మనోహర్ పొద్దున్న టేపు పెట్టి లోపలి గది తలుపు కొలిచాడు. ఎందుకురా అంటే గడియ వేయిస్తానన్నాడు. గదికి లోపల గడియ ఉంది కదరా అంటే, లోపలికి కాదే అమ్మా, బయటికి అన్నాడు. నవ్వాడు.

వంటింట్లో ప్రణతి నీళ్ళు తాగిన గ్లాసుని తడిగుడ్డ మీద మెల్లగా పెట్టింది. అశ్విని ఆ చిన్న చేతి వంక చూసింది. తర్వాత లేచింది. ఆమెకి తొందర లేదు. పాప బడి కాగితాలు, తన ఆధారు, రెండు జతల బట్టలు ఆఫీసు సంచీలో పెట్టింది. సమీరకి ఫోన్ చేసి వస్తున్నానంది. సమీర ఎందుకని అడగలేదు, ఖిదిర్‌పూర్ కూడలి దగ్గర నిలబడతాను, ఆటో ఎక్కు అంది. ఉద్యోగం ఉంటుందో లేదో, తండ్రి గుమ్మం తెరుస్తాడో లేదో, అతను ఎన్ని రోజుల్లో వెతుక్కుంటూ వస్తాడో, ఏదీ తెలియదు. రావడం మాత్రం వస్తాడు. ఆ సంగతి తెలిసే పాపకి చెప్పులు తొడిగి, తనూ వేసుకుంది.

అత్తా, మీరు కూడా రండి అంది. అప్పలకొండమ్మ తల అడ్డంగా ఊపింది.

"వచ్చాక మిమ్మల్ని అడుగుతారు. ఎప్పుడెళ్ళింది, ఎక్కడికెళ్ళిందని. ఏం చెప్తారు?"

"నానేటి సెప్తాను. నాకేటీ ఇనపళ్ళేదంతాను" అంది అప్పలకొండమ్మ. పీట మీద సర్దుకుని కూచుని, ఎడమ చెవిని వీధి గుమ్మం వైపు తిప్పుకుంది.