పొట్టు రాలే రోజులు

ఆదోనిలో ఇర్ఫానా పార్లరు మెట్లెక్కేటప్పుడు అరుణ నా చెయ్యి పట్టుకుంది. భయపడి కాదు. తన చెయ్యి తన మాట వినదని ఆమెకు తెలుసు. అందుకే అది ఎప్పుడూ ఎవరిదో ఒకరి చేతిలో ఉండాలి. పంతొమ్మిదేళ్ళుగా ఆ ఎవరో ఒకరు నేనే.

నా చెల్లెలికి కనుబొమలు లేవు. పుట్టుకతో ఉండేవి. ఎనిమిదో ఏట ఒక్కొక్క వెంట్రుకే పీక్కోవడం మొదలుపెట్టింది. ఎవరైనా కసిరినప్పుడు, రావాల్సిన బస్సు రానప్పుడు, ఊరికే కూర్చున్నప్పుడు కూడా వేళ్ళు అక్కడికి పోతాయి. కొత్తగా మొలిచినదాన్ని గోళ్ళతో వెతికి పట్టుకుంటుంది, పీకుతుంది, వెలుతురులోకి ఎత్తి చూస్తుంది. చూసే ఆ కాసేపు ఆమె ముఖంలో ఉండే శాంతిని నేను చర్చిలో ప్రార్థన చేసేవాళ్ళ ముఖాల్లో కూడా చూడలేదు.

ఎమ్మిగనూరులో జయరాం అన్న చీరల అంగడిలో నేను పదకొండేళ్ళుగా చీరలు మడతపెట్టి పార్శిళ్ళు కడుతున్నాను. ఇప్పుడు అమ్మకం సగం ఫోనులోనే. సాయంత్రం లైటు ముందు ఒక అమ్మాయి చీర కట్టుకుని నిలబడి, మాట్లాడుతూ లైవులో చూపిస్తుంది. కర్నూలు, బళ్ళారి, ఎక్కడెక్కడి వాళ్ళో చూసి కొంటారు. ఆ పని చేసే అమ్మాయి మానేశాక జయరాం అన్న మొదట నన్ను నిలబెట్టాడు. తర్వాత ఫోనులో ఆ వీడియో చూసుకుని, "చీర సూపియ్యమంటే సావు కబురు సెప్తాండావు కదా మేరమ్మా" అన్నాడు. అంగడంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మర్నాడు నాకు అన్నం క్యారియరు తెచ్చిన అరుణను నిలబెట్టాడు. అరుణ గొంతు అలాంటిది. జరీ అంచు గురించి చెబుతుంటే ఇంట్లో పిల్ల గురించి చెబుతున్నట్టుంటుంది. ఆ సాయంత్రం పార్శిళ్ళు కట్టీ కట్టీ నా వేళ్ళు పట్టేశాయి. కానీ లైటు వేడికి ఆమె పెన్సిలుతో దిద్దుకున్న కనుబొమలు కరిగి, ఒకటి చెంప వైపు జారింది. జయరాం అన్న ఆమెను పక్కకు పిలిచి చెప్పాడు. పెళ్ళిళ్ళు మొదలు కావడానికి రెండు వారాలుంది, ఈలోపల కనుబొమలు పచ్చబొట్టులా వేయించుకో, పెదవులు నల్లగా ఉన్నాయి, వాటికీ రంగు పెట్టించు, అయితే ఈ పని నీది, కాకపోతే కోడుమూరు పిల్ల ఒకటి అడుగుతోంది అన్నాడు.

అరుణ ఇంతవరకు ఏ పనిలోనూ రెండు నెలలు నిలవలేదు. జనం మొదట ఆమె నుదుటి వైపు చూస్తారు, తర్వాత మాట్లాడతారు. ఆ చూపు పడగానే ఆమె చెయ్యి లేస్తుంది. ఈ పని దొరక్కపోతే మళ్ళీ మా ఇంటి లోపలి గది, తలుపు వేసుకోవడం, అంతే. ఈ సంగతి ఆమెకంటే నాకే బాగా తెలుసు.

ముందు చేయాల్సినవన్నీ చేశాం. ఇర్ఫానా చెవి వెనక చుక్క రంగు పెట్టి దద్దురు లేస్తుందేమో చూసింది. జ్వరం వస్తే పెదవుల మీద పొక్కులు లేస్తాయా అని అడిగింది. లేస్తాయంటే మూడు రోజుల ముందు నుంచి మాత్రలు వాడించింది. నొప్పి బిళ్ళలు వద్దంది. ఆ ఉదయం టీ కూడా తాగనివ్వలేదు.

కుర్చీలో వెనక్కి పడుకోబెట్టి, బొటనవేలితో నుదుటి ఎముకను తడిమి ఆగిపోయింది.

"రాలినవా, పీకినవా?" అంది.

అరుణ నా వైపు చూసింది. చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చిందని నేను చెప్పాను. ఇర్ఫానా తిమ్మిరి మందు రాసింది. రంగు పూసిన దారం నుదుటికి ఆనించి గీతలు కొట్టి కొలిచింది. తర్వాత సూది మిషను తీసుకుంది. కందిరీగ గ్లాసులో చిక్కుకున్నట్టు ఆ శబ్దం. రెండు గంటలు. కనుబొమలయ్యాక పెదవులు. పెదవులకు మందు సరిగా పట్టలేదు. అరుణ కళ్ళ చివరల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే నేను దూదితో అద్దుతూ ఉన్నాను.

వచ్చేటప్పుడు ఇర్ఫానా నన్ను వాకిట్లో ఆపింది.

"అక్కా, నాకు అబద్ధం సెప్పినా పరవాలేదు. నాలుగో దినం నుంచి పొట్టు లేస్తాది. ఆరో దినం దురదకు మనిషికి పిచ్చెక్కినట్లయితాది. పొట్టు దానంతటదే రాలాల. పీకితే రంగు దాంతోనే వచ్చేస్తాది, కింద మచ్చ పడ్తాది. మచ్చ మీద నేను సూది పెట్టను. ఈ పిల్ల చేతులకు నువ్వే కాపలా."

సరే అన్నాను. ఆరో దినం అన్న మాట నాలో ఎక్కడో పోయి కూర్చుంది. అప్పుడు నా మనసులో ఏమీ లేదు. లేదనే నాకు నేను చెప్పుకుంటాను.

మొదటి మూడు రోజులు అరుణ పెదవులు వాచి మాట రాలేదు. రాగి జావ పలచగా చేసి స్ట్రాతో తాగించాను. దూదిపుల్లతో కనుబొమలకు మందు పలచగా రాశాను. నీళ్ళు తగలకూడదు, చెమట పట్టకూడదు, నూనె అంటకూడదు. అంగడికి సెలవు పెట్టి రోజంతా పక్కనే కూర్చున్నాను. మా ఇంట్లో మొదటిసారి నా గొంతు ఒక్కటే వినిపించింది. ఏదైనా చెబితే మధ్యలో అందుకుని నవ్వించే మనిషి ఇప్పుడు కళ్ళతోనే వినాలి. నేను చాలా మాట్లాడాను. ఒకే సంగతి రెండుసార్లు చెప్పాను. ఆ మూడు రోజులు నేను సంతోషంగా ఉన్నాను. అది ప్రేమ అనే అనుకున్నాను.

నాలుగో రోజు వాపు తగ్గింది. అద్దం ఇస్తే అరుణ చాలాసేపు చూసుకుంది. ఏడుపు వస్తే కన్నీళ్ళు పెదవులకు తగలకుండా తల వంచి నేల మీద రాల్చుకుంది. అందంగా ఉంది. ఆ మాట ఆమె నా నోటి నుంచి వినాలనుకుంది. గిన్నెలు కడగాలని లేచి వెళ్ళాను.

అయిదో రోజు జయరాం అన్న వచ్చి చూసి, గుమ్మంలోనే నిలబడి రెండు చేతులూ జోడించి అరుణకు దండం పెట్టాడు. వచ్చే సోమవారం నుంచే మొదలన్నాడు. పోతూ పోతూ నాతో, "నువ్వు పార్శిళ్ళు ఇంకొకరికి అప్పజెప్పు మేరమ్మా. చెల్లెలి కుచ్చిళ్ళు సర్దేది ఇంక నీ పని" అన్నాడు. అతను నన్ను అవమానించాలని అనలేదు. అదే నేను భరించలేకపోయాను.

ఇక్కడ సుగ్గి సంగతి చెప్పాలి. వానలు తప్పిన ఏడు మా పల్లెల్లో సగం జనం లారీలెక్కి గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతారు. దాన్నే సుగ్గికి పోవడం అంటాం. అరుణకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మా నాయనా నేనూ పోయాం. అరుణ మా నాయనమ్మ ఉచ్చీరమ్మవ్వ దగ్గర ఊళ్ళోనే ఉండిపోయింది. రెండున్నర నెలలకు తిరిగొచ్చేసరికి ఆమెకు కనుబొమలు లేవు. నేను లారీ దిగి ఆ బోడి చోటును వేళ్ళతో తడిమాను. నా వేళ్ళకు ఇంకా మిరప ఘాటు ఉంది. ఆమె పెట్టిన కేకకు వీధంతా బయటికి వచ్చింది.

ఆ రోజు ఆమె ఏడుపు ఆపడానికి నేనొక కథ చెప్పాను. లారీ కదిలేటప్పుడు నిన్ను కూడా ఎక్కించుకోమని నేను ఏడ్చానని, దూకబోతే నాయన కొట్టాడని. తర్వాత ఆమె ఎప్పుడు అడిగినా మళ్ళీ చెప్పాను. చెప్పినప్పుడల్లా ఒక కొత్త ముక్క చేర్చాను. అమ్మా నాయనా పోయాక అది ఇంకా పెద్దదయింది. లోకంలో ఒక్కరికైనా తను కావాలనిపించింది అన్న నమ్మకం మీదే ఆమె నిలబడి ఉంది. ఆ నమ్మకాన్ని కట్టింది నేనే. అది ఎక్కడ తట్టితే కూలుతుందో కూడా నాకే తెలుసు.

ఆరో రోజు మధ్యాహ్నం దురద పట్టలేక అరుణ గోడకు వీపు రాసుకుంటూ కూర్చుంది. ఒకచోట దురదైతే ఇంకొకచోట గోక్కుంటే తగ్గుతుందేమోనని. చేతులు తొడల కింద పెట్టుకుంది. కనుబొమల మీద పొట్టు అంచులు లేచి, ఊపిరి తగిలితే కదులుతోంది. పెదవుల మీద చర్మం రేకుల్లా లేచింది.

నన్ను పిలిచి చేతులు పట్టుకోమంది. ఎదురుగా కూర్చుని రెండు చేతులూ పట్టుకున్నాను. వేళ్ళు నా అరచేతుల్లో కొట్టుకుంటున్నాయి.

"ఏమన్నా సెప్పక్కా, ద్యాస మళ్ళాల. ఆ లారీ సంగతి సెప్పు."

ఆమే అడిగింది. నేను ఎత్తలేదు. ఈ మాట నాలో నేను చాలాసార్లు అనుకున్నాను.

"నేను ఏడ్సలేదు మే" అన్నాను.

కథ ఈసారి వేరే చోట మొదలవుతోందనుకుని ఆమె నవ్వబోయింది. పెదవులు సాగనివ్వలేదు.

"నాయన తెల్లారుజామున నిన్ను నిద్దర్లోనే ఎక్కించినాడు. నువ్వు నా పక్కనే నిద్దరపోతాంటివి. నేనే దించమంటి. దీన్ని ఎంటబెట్టుకోని నేను కాయలు కొయ్యలేను, అవ్వ కాడ ఇడిసిపెట్టండి అంటి. నువ్వు నిద్దర్లోనే నా లంగా పట్టుకోనుంటివి. నీ వేళ్ళు ఒకటొకటే నేనే ఇడిపిచ్చినా."

ఆమె వేళ్ళు నా చేతుల్లో కదలడం మానేశాయి.

"ఏల సెప్తాండావు ఇప్పుడు?"

నిజం కాబట్టి, అన్నాను. నిజమే. పంతొమ్మిదేళ్ళు మోసిన బరువు దించుకునే హక్కు నాకుందని కూడా అనిపించింది. అయితే అన్ని రోజుల్లో ఆ రోజునే ఎందుకు ఎంచుకున్నాను అన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి నా ఆలోచన ప్రతిసారీ పక్కకు తిరుగుతుంది. అరుణ చెయ్యి నుదుటికి పోయినట్టే.

కొళాయి వచ్చే వేళయిందని చెప్పి ఆమె చేతులు వదిలేశాను. తలుపు దగ్గరికి వేసి వీధిలోకి పోయాను. బిందె నిండింది. పక్కింటి ఖాజాబీ మనవడికి పళ్ళు వస్తున్నాయని చెబుతుంటే ఎన్ని పళ్ళు, ఏ పక్క అని అడిగాను. రెండో బిందె కూడా పట్టాను. అంత ఓపికగా నేను ఎప్పుడూ ఎవరి మాటా వినలేదు.

తిరిగి వచ్చేసరికి అరుణ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఒళ్ళో అన్నం తినే స్టీలు పళ్ళెం. అందులో పొట్టు ముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి. ఎడమ కనుబొమ సగం లేదు; ఆ చోట పచ్చి ఎరుపు తడిగా మెరుస్తోంది. కుడిది మూడు చోట్ల తెగింది. కింది పెదవి మీద నెత్తురు బొట్టు నిలిచి ఉంది. ముఖం ఎంతో ప్రశాంతంగా ఉంది.

పళ్ళెం నా వైపు తిప్పి, "సూడక్కా, రంగంతా దీంట్లోనే ఉంది" అంది.

ఇర్ఫానాకు ఫోటో పంపాను. మందు పేరు ఒకటి పంపింది. కింద, ఇంక తన దగ్గరికి రావద్దని రాసింది. నాకే రాసింది, అరుణకు కాదు.

జయరాం అన్న ఆదివారం వచ్చి చూశాడు. కేకలేయలేదు. నాలుక చప్పరించి, గుమ్మంలోనే కాసేపు తిరిగాడు. కోడుమూరు పిల్లకు ఫోను చేశాడు. ఆమె అప్పటికే వేరే అంగడిలో చేరిందట. అప్పుడు నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, ఫోను స్టాండు రెండు మెట్లు దించితే సరిపోతుందన్నాడు.

"మెడ కాడికి ఆపేస్తే ముఖంతో పనేముంది? మాట దానిది, ఒళ్ళు నీది. ఇద్దరూ కలిస్తే ఒక మనిషి అయితారు."

సోమవారం సాయంత్రం నన్ను లైటు ముందు నిలబెట్టారు. అరుణ ఫోను వెనక స్టూలు మీద కూర్చుంది. ముఖానికి గుడ్డ కట్టుకుంది, కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆరో రోజు తర్వాత ఆమె నాతో అవసరమైన మాటలన్నీ మాట్లాడుతోంది. చెయ్యి మాత్రం ఇవ్వడం లేదు.

లైవు మొదలైంది. అదే గొంతు, ఇంట్లో పిల్ల గురించి చెబుతున్నట్టు. మా ఎమ్మిగనూరు మగ్గం అంది, అంచు చూడండి అంది, మా అక్క ఎంత ఓపికగా నిలబడిందో చూడండి అంది.

"కొంచెం ఎడమకు తిరుగక్కా."

తిరిగాను.

"పూర్తిగా. వెనక కూడా సూడాలంటాండారు."

వెనక్కి తిరిగాను. వీపు మీద లైటు వేడి తగిలింది. ముందుకు తిరగమనే వరకు అలాగే ఉన్నాను. చాలాసేపటికి తిరగమంది. పమిట దించి చూపించమంది, ఎత్తమంది, మళ్ళీ తిరగమంది. జయరాం అన్న బల్ల దగ్గర కూర్చుని ఫోనులో ఇంకేదో చూసుకుంటున్నాడు. నా ముఖం చెమటతో తడిసిపోయింది. అది ఎవరికీ కనపడదు.

"ఇంగోసారి అక్కా. బళ్ళారి మేడం అడుగుతాండారు."

నిజంగా ఎవరైనా అడిగారో లేదో నాకు తెలియదు. ఫోను తెర ఆమె వైపు ఉంది. నేను మళ్ళీ తిరిగాను.