కోతకు వచ్చిన కాయ

చదువరులారా, ముందే యొప్పుకొనుచున్నాను. శరత్ప్రభాతమును మనోహరముగా వర్ణింపవలెనని కూర్చుంటిని గాని కలము సాగకున్నది. ఏలన నాటి యుదయమున నభము నిర్మలమై మంచుబిందువులు తృణాగ్రముల మెఱయుచుండినను, పెన్నాతీరమందలి యా పరిశోధనక్షేత్రమున నలసందతీగల లేజివుళ్లనెల్ల పేనుబంక యను పురుగు నల్లగా ముసరియుండెను.

ఆ క్షేత్రమున గింజజాతి యలసందను గూరజాతి యలసందతో సంకరము జేసి, కాయ దీర్ఘమును గింజ సమృద్ధమునగు నూతనవంగడమును సృజింపనెంచిన యువశాస్త్రజ్ఞురాలు ప్రణవి, యట్లు పుట్టిన సంతతిలో నా పురుగునకు లొంగక నిలిచిన యొకేయొక్క మొక్కను బ్రాణసమానముగా గాపాడుచుండెను. దాని విత్తనము దక్కినగాని తరువాతితరము లేదు. ఇది పప్పులోనికా వేపుడులోనికా యని సహోద్యోగులు హాస్యమాడగా రెంటికిని అని యామె నవ్వుచుండెడిది.

పట్టణమున సభకు బోవలసివచ్చి ప్రణవి, కాయకోత స్త్రీలకు బెద్దయైన ఓబులమ్మను బిలిచి, ఈ మొక్క కోతకు రాగానే కాయలను వేఱుగా గోసి భద్రపఱుపుమని చెప్పి వెడలెను. మరలి వచ్చునప్పటికి మొక్క బోసియై నిలిచియుండెను. ఓబులమ్మ తడిగుడ్డలో వాడకుండ జుట్టిన పచ్చికాయలను సగర్వముగా నందిచ్చెను.

"ఎండకమున్నే యేల కోసితివి, ఓబులమ్మా?"

"కోతకు రాగానే కోయుమంటిరి గదమ్మా. మూరెడు కాయ. ఇంకను ఆగిన పీచెక్కును. పీచుకాయ నెవ్వరు దిందురు?"

"తినుటకు గాదు. విత్తనమునకు."

"ఇది కూరయో గింజయో తాము నాకెన్నడు జెప్పితిరి?"

ప్రణవి యొక కాయను జీల్చిచూచెను. గింజలు నీరునీరుగా నుండెను; అవి మొలచునవి కావు. చూచిన ఓబులమ్మ మోమును వివర్ణమయ్యెను.

కూరజాతి కోసినకొలది పూయును. గింజజాతి యొకమారు కాచి యెండిపోవును. ఈ మొక్క యెవరి స్వభావమును బుణికిపుచ్చుకొన్నదో పుట్టించిన ప్రణవికిని దెలియదు. రెండు మేళ్ల నొక్క దేహమున గోరినవారు రెండు భయములను మోయక తప్పదు గదా. మరల బూయునేమో యని యిద్దఱును నీరు వోసి వేచియుండిరి. అడుగుటాకులు పసుపువన్నె దిరిగి రాలుచుండగా, ఎట్టకేలకు గొనకొమ్మ నొక మొగ్గ పొడసూపెను.

"ఈమాఱు ఎప్పుడు కోయవలెనో తేటగా జెప్పుడమ్మా" అని ఓబులమ్మ మెల్లగా నడిగెను.

"కాయ యెండి, ఊపిన గలగలమనునప్పుడు."

ఓబులమ్మ తలయూచి, కొంగును విప్పి యెండకడ్డముగా బట్టెను. ఆ నీడలో మఱియొక యాకు రాలెను. మొగ్గ యింకను విచ్చలేదు.