జమ్ము తొట్లు

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో వంక నీళ్లు తాగిన ఏడు ఎనుములు ఒక్కరోజే ఒడ్డున పడి చచ్చాయి. ఆళ్లగడ్డకు ఎగువన సారాయి ఫ్యాక్టరీ పెట్టినప్పటినుంచి వంక నల్లగా, కుళ్లిన బెల్లం కంపుతో పారుతోంది. అడగబోయిన రాతిపనివాళ్లను గేటు దగ్గరే కర్రలతో కొట్టారు. దెబ్బలు తిన్నవాళ్లలో తిరుపాలమ్మ కొడుకు మద్దిలేటి ఉన్నాడు. ఆ తర్వాత వాడు గడప దాటితే చాలు, శవమై తిరిగొస్తాడనే ఆమె భయం.

వాడు ఊరుకోలేదు. వంకలోనే జమ్ముగడ్డి పెరిగిన మడుగులో నీళ్లు తేటగా ఉండటం గమనించాడు. విగ్రహాలు చెక్కే చేతులన్నీ కలిసి వంక పక్కన నాపరాళ్లతో మెట్లు మెట్లుగా అయిదు తొట్లు కట్టాయి. అడుగున గులకరాళ్లు, పైన ఇసుక, ఇసుకలో జమ్ము, తుంగ. చివరి తొట్టిలో నత్తలు. వంక నీళ్లను పై తొట్టిలోకి మళ్లిస్తే ఒక్కో తొట్టీ దిగుతూ కిందికి వస్తాయి. ఆడవాళ్లు వేర్లు తెగకుండా జమ్ము పెకలించి తెచ్చి నాటారు. రెండు నెలలకు నీళ్లు తేరి కింది తొట్టిలో అడుగు కనబడింది. తిరుపాలమ్మ ఆ నీళ్లు కాచి ముందు తాను తాగింది. ఒక రోజంతా బతికున్నాకే మనవరాలికి పోసింది.

ఫ్యాక్టరీ యజమాని నంద్యాల నుంచి నీళ్లు తనిఖీ చేసే ఆఫీసరును జీపులో తెచ్చి, తాము వదిలే నీళ్లు ఇవేనని ఆ కింది తొట్టినే చూపించాడు. నీళ్లు బాగున్నాయని ఆఫీసరు రాసిచ్చాడు. చెడగొట్టింది వాడు, కడిగింది జనం, మంచిపేరు మళ్లీ వాడికే. మరునాటినుంచి ఫ్యాక్టరీ మోరీలో మురుగు రెండింతలు వదిలారు. వారం తిరక్కుండా జమ్ము మాడి వాలిపోయింది. నత్తలు చచ్చి తేలాయి.

ఊరి మీటింగులో మద్దిలేటి ఇంకో పది తొట్లు కడదామన్నాడు. రాయి తానిస్తానన్నాడు ముసలి శిల్పి పెద్దయ్య. ఎప్పుడూ కొడుకు చొక్కా పట్టి కూచోబెట్టే తిరుపాలమ్మ ఈసారి తానే లేచింది.

"ఇంగా కడతారా? వాని గలీజు కడిగే వెట్టోళ్లమైతిమి గదప్పా. మనం కడిగే కొద్దీ వాడు పోస్తాండాడు. ఆ రాళ్లు పీకి వాని మోరీకే అడ్డం కట్టండి."

"పోలీసోళ్లొస్తారు మా," అన్నాడు మద్దిలేటి.

"నాకు తెలీదా? ఆ బయంతోనే గదరా సగం చచ్చినా. మిగిలిన సగం ఈ నీళ్లకిచ్చేదానికి నా చేత గాదు."

"నీ కొడుక్కంటే నువ్వే మేలుండావే అత్తా," అంది పక్కింటి నరసమ్మ. జనం నవ్వారు. ఆ నవ్వుతోనే లేచారు.

మరునాడు మధ్యాహ్నానికి తొట్ల రాళ్లతో, సున్నంతో కట్టిన గోడ కింద ఫ్యాక్టరీ మోరీ నోరు మూతపడింది. నల్లనీళ్లు వెనక్కి తన్ని యజమాని ఆఫీసు గది మెట్లెక్కాయి. పోలీసు వ్యాను వచ్చింది. మద్దిలేటినీ మరో పదకొండుమందినీ కొట్టి ఎక్కించారు.

ఆమె ఇన్నాళ్లూ భయపడిందే జరిగింది. వ్యాను వెనక పరుగెత్తబోయి తిరుపాలమ్మ ఆగింది. గోడ సందులోంచి నల్లటి ధార కారుతోంది. ఆమె చీర చెంగు బిగించి సున్నం తట్ట ఎత్తుకుంది.

"ఈడ కారుతాంది," అంది జనంతో. "రాయి అందీండి."