కుడి చెవి పొట్లం

తమ్ముడు పోయి పద్నాలుగేళ్ళయినా ఇంట్లో ఆమెను ఇంకా "పెద్దదీ" అనే పిలుస్తారు. ఇప్పుడా ఇంట్లో ఆమెకంటే చిన్నవాళ్ళెవరూ లేరు. అయినా పిలుపు మారలేదు. ఆ ఇంటి నుంచి కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే, అందుకే పెద్దదన్నారేమో అని బయటివాళ్ళు అనుకునేవారు.

చదివేది కెమిస్ట్రీ, మూడో సంవత్సరం. పుస్తకం ముందు కూర్చుంటే పెద్దదానికి తిరుగులేదు. ల్యాబులోకి అడుగు పెడితేనే చేతులు వణికేవి. బ్యూరెట్టు గొట్టం నుంచి ఒక్క చుక్క వదలాల్సిన చోట పది చుక్కలు పడేవి. లేత గులాబీ రంగు దగ్గర ఆగాల్సిన నీళ్ళు ముదిరిపోయి కూర్చునేవి. ఇక తెల్లటి పొడిని కాగితం మీద వేసి తూచమంటే మరీ ఘోరం, పొడి సగం బల్ల మీదే ఉండేది.

"అమ్మా, నీ రికార్డు చూస్తే బంగారం, నీ ప్రయోగం చూస్తే భూకంపం. పరీక్ష ఇంకా నెలరోజులే ఉంది. ఇలాగైతే నేను పాస్ చెయ్యలేను, తర్వాత నన్ననుకోవద్దు," అన్నాడు ల్యాబు మాస్టారు. అని ఊరుకోకుండా, విద్యార్థుల కష్టసుఖాలు వినే మేడమ్ దగ్గరికి చీటీ రాసి పంపాడు.

ఆ మేడమ్ అంతా విని, సొరుగులోంచి చదరపు రంగు కాగితాల కట్ట, ఒక పల్చటి పుస్తకం తీసి చేతిలో పెట్టింది. "దీన్ని ఓరిగామి అంటారు. కత్తెర వద్దు, జిగురు వద్దు, మడతలే. రోజూ సాయంత్రం ఓ అరగంట కూర్చో. చేతులకు పని దొరికితే మనసు కాస్త నోరు మూసుకుంటుంది."

హాస్టల్లో ఆమె గదిలో ఉండే అమ్మాయిని అందరూ రేడియో అనేవారు. నిద్రలో తప్ప ఆ పిల్ల నోరు మూతపడదు. కాగితాలు చూడగానే మొదలుపెట్టింది.

"ఏంటే ఇది, డిగ్రీ చదవమంటే ఎల్‌కేజీకి దిగావు?"

"డాక్టరు రాసిన మందనుకో."

"అయితే రోజుకు మూడు కప్పలు, భోజనం తర్వాత. నీళ్ళతో మింగాలా, ఉత్తినేనా?"

పెద్దదానికి నవ్వొచ్చింది. మొదటివారం పడవలు, కప్పలు, రెక్కలాడించే కొంగలు చేసింది. అంచును అంచుకు ఆనించి గోటితో గీస్తుంటే ఊపిరి తనంతట తానే నెమ్మదించేది. కాగితాన్ని ఎలా పట్టుకోవాలో ఎవరో ఎప్పుడో చెప్పినట్టు వేళ్ళు తడుముకోకుండా సాగిపోయేవి. ఇదేదో నాకు అచ్చొచ్చిందిలే అనుకుంది.

ఎనిమిదో రోజు సాయంత్రం కొంగ మొదలుపెట్టింది. కాసేపటికి రేడియో వంగి చూసి, "కొంగకు రెక్కలేవే?" అంది.

పెద్దది కిందికి చూసింది. బల్ల మీద కొంగ లేదు. బొటనవేలంత పొట్లం ఉంది. నాలుగు వైపులా మూసుకుని, ఒక కొస చెవిలా తిరిగి కుడివైపు మడతలోకి దూరి ఉంది. ఊపినా విడిపోయేలా లేదు.

"ఏ పేజీలో ఉందిది?"

ఏ పేజీలోనూ లేదు. పుస్తకం మొత్తం తిరగేసినా కనిపించలేదు.

మర్నాడు మూడు పొట్లాలు. ఆ మర్నాడు ఏడు. ఆ తర్వాత రోజూ ఏడే. కప్ప చేయబోయినా, పడవ చేయబోయినా చేతులు మధ్యలో దారి మళ్ళి పొట్లం కట్టేవి, ఏడోది కాగానే వాటంతటవే ఆగిపోయేవి. "మందుల షాపు పెడుతున్నావా ఏంటి, నన్ను గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టుకో," అంది రేడియో. ఈసారి పెద్దదానికి నవ్వు రాలేదు. ఏడో పొట్లం కట్టేటప్పుడు కుడి భుజం వెనక ఎవరో ఊపిరి తీస్తున్నారు. పడిశం పట్టి ముక్కు మూసుకుపోయిన పసివాడి ఊపిరి. వెనక్కి తిరిగితే మంచం, కిటికీ, ఆరేసిన తువ్వాలు. నాలుక మీద మాత్రం చేదు.

అన్నిటికంటే భయపెట్టే సంగతి మరొకటుంది. ఆ పొట్లాలు కట్టిన మర్నాడు ల్యాబులో చేతులు రాయిలా ఉండేవి. చుక్క తర్వాత చుక్క, అడిగినట్టు పడేది. మాస్టారు కళ్ళద్దాలు పైకి నెట్టుకుని, "ఏం తింటున్నావమ్మా ఈమధ్య?" అన్నాడు. రెండురోజులు కాగితాల జోలికి పోకుండా ఉండి చూసింది. మూడోరోజు ఫ్లాస్కు చేజారి పగిలింది.

పరీక్ష పదకొండు రోజులుందనగా, ఏడు పొట్లాలూ రుమాల్లో మూటగట్టుకుని ఇంటికి బస్సెక్కింది.

ఆ ఇంట్లో కాగితం మడిచేది తల్లి ఒక్కతే. తండ్రి పేపరు చదివి బార్లా తెరిచే వదిలేస్తాడు. కరెంటు బిల్లు మడవకుండా అద్దం వెనక నిలబెడతాడు. ఒకప్పుడు ఆయన డిస్పెన్సరీలో కాంపౌండరు. ఆ పనిలో చెయ్యి తిరిగినవాడు, అదంతా వదిలేసి ఇప్పుడు నీళ్ళ ట్యాంకు దగ్గర వాల్వులు తిప్పుతున్నాడు. ఎందుకో పెద్దదానికి తెలుసు. నాన్న మందు పొట్లం తప్పు కట్టాడు, తమ్ముడు పోయాడు. ఇంట్లో అంతవరకే చెప్పేవారు. ఆ ముక్క కూడా తల్లే చెప్పేది, తండ్రి వినేలా.

మధ్యాహ్నం వంటగదిలో గిన్నెలు సర్దుతున్న తల్లి ముందు రుమాలు విప్పింది.

"అమ్మా, ఇవేంటో నీకు తెలుసా?"

తల్లి చేతిలో గిన్నె గట్టు మీద ఠంగుమంది. "ఎవరు కట్టారివి?"

"నేనే."

"ఆయన నేర్పాడా? ఇంకా బుద్ధి రాలేదా ఆ మనిషికి?"

"నాన్న కాదు. ఎవరూ నేర్పలేదు. చెప్పమ్మా, ఏంటివి?"

తల్లి కొంగుతో చేతులు తుడుచుకుంది. పొడిగా ఉన్న చేతులనే మళ్ళీ తుడుచుకుంది. "డిస్పెన్సరీకి వచ్చేవాళ్ళలో చదువురానివాళ్ళే ఎక్కువ. అందుకని మీ నాన్న ఓ గుర్తు పెట్టుకున్నాడు. పెద్దవాళ్ళ మందైతే చెవి ఎడమకు దోపేవాడు, పిల్లల మందైతే కుడికి. ఇంట్లోనూ అంతే. ఒకే డబ్బాలో మీ నానమ్మ నిద్రమందు నాలుగు, చిన్నాడి జ్వరం మందు మూడు. వాడు ఒళ్ళు కాలిపోతూ ఏడుస్తున్నాడు. పైనున్న పొట్లం తీశాను. చెవి చూసే తీశాను పెద్దదీ, కుడి చెవే. వాడు పడుకున్నాడు. ఇక లేవలేదు." గట్టు మీది పొట్లాన్ని వేలితో దూరంగా తోసింది. "నిద్రమందుకు కుడి చెవి పెట్టాడు మహానుభావుడు. అడిగితే, నా చెయ్యి తప్పింది అన్నాడు. మిగిలినవి పొయ్యిలో పడేశాడు, ఎవరూ చూడకుండా."

నాలుగూ మూడూ ఏడు.

పెద్దదాని నోట్లో చేదు ఊరింది. ఆ చేదు వెంట మిగతాదంతా వచ్చేసింది. మంచం కింద చల్లటి నేల, రేకు డబ్బా, ఒళ్ళో పొట్లాలు. కొన్నిటికి చెవి అటు, కొన్నిటికి ఇటు. నాన్న స్టూలు మీద కూర్చోబెట్టి ఉత్తి కాగితాలిచ్చి నేర్పిన పొట్లం కుడి చెవిదే, పిల్లది కదా అని. ఎడమ చెవి ఉన్నవాటిని తప్పనుకుని విప్పింది. వేలికంటిన పొడి నాకింది, మొహం చిట్లించుకుంది. అన్నీ ఒక్కలా చేసి మళ్ళీ డబ్బాలో పెట్టింది. నాన్న చూస్తే మెచ్చుకుంటాడనుకుంది. అప్పటికి తనకు ఆరేళ్ళు.

తల్లి ఇంకా ఏదో అంటోంది. పెద్దదానికి వినబడలేదు. పద్నాలుగేళ్ళుగా తండ్రి తలవంచుకుని పడుతున్న మాటలన్నీ తనవి. నోరు మూసుకుని వెళ్ళిపోవచ్చు. అడిగేవాళ్ళు లేరు. పరీక్ష పాసవుతుంది, చేతులు కూడా మాట వింటాయి. చెబితే, ఈ ఇంట్లో తనకు అమ్మ మిగులుతుందో లేదో తెలియదు.

వసారాలో తండ్రి టేబుల్ ఫ్యాన్ విప్పుకుని కూర్చున్నాడు. పెద్దది వెళ్ళి ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"నాన్నా, ఆ రోజు డబ్బా తీసింది నేను."

స్క్రూడ్రైవర్ ఆగింది. "ఏ డబ్బా?" అన్నాడు, తలెత్తకుండా. ఆ అడిగిన తీరులోనే ఏ డబ్బానో ఆయనకు తెలుసని తేలిపోయింది.

"పొట్లాలు విప్పి మళ్ళీ కట్టాను. అన్నిటికీ కుడి చెవి పెట్టాను."

"ఆరేళ్ళదానివి, నీకేం గుర్తుంటుంది? ఎవరో ఏదో అంటే..."

"ఎవరూ అనలేదు. చేతులకు గుర్తుంది. కాగితం పట్టుకుంటే చాలు, అవే కడుతున్నాయి. వాడి ఊపిరి వినబడుతోంది నాన్నా."

తండ్రి అప్పుడు తలెత్తాడు. "ఏ వైపు?"

"కుడి భుజం వెనక."

"నాకూ అటే," అన్నాడు.

ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. తర్వాత వాల్వు సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు. "ఆ సాయంత్రం డబ్బా మూత తీశాను. ఆరు మిగిలాయి, ఆరింటికీ కుడి చెవే. ఒకటి విప్పాను. ఎడమకు నేను వేసిన మడత అలాగే ఉంది. దాని పక్కన వంకరగా ఇంకోటి, చిన్న గోటితో గీసింది. కాగితం మీద ఒకసారి గీత పడితే పోదమ్మా. ఎవరు చూసినా తెలిసిపోయేది. అందుకే పొయ్యిలో వేశాను. నీ ముందు కాగితం మడిస్తే నీ చేతులకు గుర్తొస్తుందేమోనని, ఆ తర్వాత అదీ మానేశాను. డబ్బా నీకు అందేచోట పెట్టింది నేను. నీకు పొట్లం కట్టడం నేర్పింది నేను. తప్పు నాదంటే అబద్ధమేం కాదు."

"పిల్ల పొద్దున్నుంచీ నా దగ్గరే ఉందన్నావు."

ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. తల్లి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"దీన్ని అడగబోతే అడ్డమొచ్చి, డిస్పెన్సరీలో స్టూలు మీద కూర్చుని ఉందన్నావు. నేను నమ్మాను."

"అవును," అన్నాడు తండ్రి.

"పద్నాలుగేళ్ళు. ఒక్కరోజు కూడా నిన్ను నేను అనకుండా..."

"అననీ అనుకున్నాను. ఎవరో ఒకరిని అనకపోతే నువ్వు బతికేదానివి కాదు. దాన్ని అంటే అది బతికేది కాదు. నేనైతే పడగలను."

తల్లి గుమ్మం దిగి వచ్చి పెద్దదాని ముందు కూర్చుంది. చెంప పగులుతుందని పెద్దది కళ్ళు మూసుకుంది. పగిలినా బాగుండునని కూడా అనుకుంది. దెబ్బ పడలేదు. తల్లి ఆమె చేతులు రెండూ పట్టుకుని, అరచేతులు తిప్పి చూసింది, గోళ్ళు చూసింది. ఇరవయ్యేళ్ళ చేతుల్లో ఆరేళ్ళ చేతులు వెతుకుతున్నట్టు చాలాసేపు చూసింది. తల్లి ముఖం చూస్తే ఏమీ తెలియలేదు.

"బస్సు ఎప్పుడు?"

"రేపు పొద్దున."

"పరీక్ష?"

"ఇంకా పదకొండు రోజులుంది."

"అయితే రెండ్రోజులాగి వెళ్ళు," అంది తల్లి. "వాడి గురించి నీకు ఇంకేం గుర్తుందో నాకు చెప్పి వెళ్ళు."

పెద్దది తలూపి చేతులు వెనక్కి తీసుకోబోయింది. తల్లి వదల్లేదు.