నల్లమూతి ముక్కులో రెండు రోజులు

నేను ఒక ప్రొటీన్‌ని. ఆ మాట అనగానే మీకు కోడిగుడ్డూ కందిపప్పూ గుర్తొస్తాయని తెలుసు. నన్నెవరూ వండుకోలేదు లెండి. నేను పుట్టింది మక్తల్ దగ్గర మేసే ఒక గొర్రె ముక్కులో. మూతి నల్లగా ఉంటుందని ఆ గొర్రెను నల్లమూతి అనేవారు. ముక్కు లోపల ఎప్పుడూ తడి. వాసనలేమో చాలావరకు నూనె జాతివి, తడిలో ఓ పట్టాన కలవవు. గాలిలో వచ్చిన వాసనను కడుపులో దాచుకుని, ఆ తడి దాటించి, అవతలి గట్టున కాచుకున్న నరాలకు అప్పజెప్పడం నా పని. కృష్ణలో జనాన్ని దాటించే పుట్టి లాంటిదాన్ని. మా జాతి నిజంగా వాసనలను దాటిస్తుందా, లేక మిగిలిపోయిన వాసనలను ఊడ్చేస్తుందా అని పండితులు ఇంకా తగువులాడుకుంటున్నారట. దాటించినదాన్ని నేను చెబుతున్నాను, వినండి.

ఈ పనిలో ఒక్కటే బాధ. ఎవరెక్కితే వారిని దాటించాల్సిందే. ఇది మేలు చేస్తుంది, ఇది కీడు చేస్తుంది అని ఎంచే అధికారం నాకు లేదు. అందుకే పుట్టినప్పటి నుంచీ నాకు గుండెదడ. గుండె లేదనుకోండి, దడ మాత్రం ఉంది. ముక్కులో ఉన్నదానికి మనుషుల మాటలెలా వినబడ్డాయని అడగకండి. ముక్కుకూ చెవికీ ఎంత దూరం?

నేను పుట్టిన పొద్దునే నల్లమూతి ఈనింది. పిల్ల చచ్చి పుట్టింది. నేను మొట్టమొదట దాటించింది ఆ పిల్ల వాసననే. గొర్రె దాన్ని నాకుతూనే ఉంది, సన్నగా పిలుస్తూనే ఉంది. కదలని పిల్లను అంతలా పిలుస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

మందలో తల్లి లేని పిల్ల ఇంకొకటి ఉంది. దాని తల్లి ముందురోజే పాము కరిచి పోయింది. సీసాతో పాలు పట్టబోతే ఒక్క చుక్క మింగడం లేదు. మందను చూసుకునే లింగవ్వ తన కోడలు నవనీతను కేకేసింది. నవనీత నారాయణపేట పట్నంలో పెరిగిన పిల్ల. గొర్రెల మధ్యకు వచ్చి మూడు నెలలే.

“గా పిల్లను జల్ది తీస్కరా బిడ్డా! ఉమ్మనీరు ఆరకముందే దానికి పూస్తె, ఇది తన పిల్లనే అనుకుంటది.”

నవనీత తెచ్చింది. కాకపోతే తెచ్చేముందు స్నానం చేయించింది. సబ్బుతో! బాలింత దగ్గరికి పేడా మట్టీ కొట్టుకున్న పిల్లను ఎలా తీసుకువెళ్తుంది పాపం? మనుషుల ఇళ్లలో అయితే మెచ్చుకునేవారే. మనుషులకు కంటికి కనబడే శుభ్రం మీద ఉన్న నమ్మకం ముక్కు మీద ఉండదు.

పిల్లను దగ్గరికి తేగానే గంధపు సబ్బు వాసన నాలో దూరింది. వద్దు మొర్రో అన్నా వినేదెవరు? దాటించాను. మరుక్షణం నల్లమూతి తల వంచి ఒక్క కుమ్ము కుమ్మింది. పిల్ల ఎగిరి దూరంగా పడింది.

“కడిగితె మంచిదనుకున్న అత్తమ్మా,” నవనీత పరుగెత్తి పిల్లను ఎత్తుకుంది. “నేనే సంపిన్నా దీన్ని?”

“గొర్రెకు పెండ్లిచూపులా ఏంది, సబ్బు రుద్ది తెస్తివి?” అని కసిరింది లింగవ్వ. కసిరిందే గానీ ఆమెకూ చెమటలు పట్టాయి. ఆ భయపు చెమట వాసన దాటించింది నేనే. “ఇయ్యాల పాలు తాగకుంటె ఇది దక్కది.”

ఉమ్మనీరు అప్పటికే ఆరిపోయింది. ఆమె ఇక ఆలోచించలేదు. చచ్చిన పిల్ల తోలు ఒలిచి, నాలుగు కాళ్లకు నాలుగు చిల్లులు పెట్టి, బతికున్న పిల్లకు చొక్కాలా తొడిగింది. తోక కూడా తోలుతోనే ఉంచింది. నవనీత మొహం తిప్పుకుంది.

“అటు సూడకు. కడిగింది నువ్వు, మల్ల తీస్కపోయి నిలవెట్టేది గూడ నువ్వే.”

పిల్ల మళ్లీ దగ్గరికి వస్తోంది. పైన చచ్చిన పిల్ల వాసన, అడుగున సబ్బు వాసన. రెండూ తోసుకుంటూ వస్తున్నాయి. ముక్కులో నాతో పాటు కోట్ల మంది తోబుట్టువులం. ఎవరికి ఏది ఎక్కుతుందో! సబ్బు గెలిచిందా, పిల్ల పని అయిపోయినట్టే. మొక్కుకుందామంటే నాకు చేతులు లేవు. అంతలో నాలో ఏదో దిగింది. పోయిన పిల్ల వాసన. అబద్ధమని తెలిసీ దాటించాను.

నల్లమూతి ఆ పిల్ల తోక దగ్గర వాసన చూసింది. మళ్లీ చూసింది. సన్నగా పిలిచింది. పిల్ల పొదుగు కిందికి దూరి తోక గిరగిరా ఆడించింది. నవనీత కూలబడి ఏడ్చింది.

నా దడ మాత్రం తగ్గలేదు. తోబుట్టువులంతా గంటల్లో కొట్టుకుపోయారు. నేను ముక్కు మడతలో ఇరుక్కుని మిగిలాను. ఎండకు తోలు కుళ్లుతోంది, ఆ కంపు గంట గంటకూ పెరుగుతోంది. మూడోనాటి మధ్యాహ్నం లింగవ్వ తోలు తీసేస్తానంది.

“తీస్తె మల్ల కుమ్ముతదేమో అత్తమ్మా. ఇంకో దినం ఉండనీ.”

“ఎన్ని దినాలని సచ్చినదాని తోలుల బతుకుతది బిడ్డా?”

తోలు ఊడింది. ఒట్టి పిల్ల వణుకుతూ నిలబడింది. నల్లమూతి ముక్కు దాని తోక దగ్గరికి వంగింది. అరిగిపోయిన నాకు అదే చివరి పయనమని తెలుసు. ఏది ఎక్కుతుంది? సబ్బా? పరాయి పిల్ల అన్న నిజమా?

ఎక్కిన వాసన నాకు బాగా తెలిసినదే. నల్లమూతి సొంత పాల వాసన. రెండు రోజులుగా తాగిన పాలు పిల్ల కడుపులో అరిగి, తోక దగ్గర గుబాళిస్తున్నాయి. దాన్ని నిర్భయంగా దాటించాను. ఈసారి అబద్ధమేమీ లేదు.

నల్లమూతి పిల్లను నాకింది. నాకుతూ నాకుతూ గట్టిగా తుమ్మింది. నేను ఎగిరి నవనీత ముంజేతి మీద పడ్డాను. ఆమె అలవాటుగా సబ్బు కోసం లేచింది. రెండడుగులు వేసి ఆగింది. చేతిని అత్త గొంగడికి తుడుచుకుని, వచ్చి మళ్లీ పిల్ల పక్కనే కూర్చుంది.

ఆ గొంగడి ఉన్నిలో నేనిప్పుడు ఎండిపోతున్నాను. ఇక ఏ వాసననూ దాటించలేను. నా కడుపులో మిగిలిన ఆ కాసిని పాల వాసన మాత్రం నాతోనే ఉంది. పిల్ల తాగుతూనే ఉంది.