పరిశుద్ధతకు పన్నెండు అంగుళాలు

మా ఆయన్ని సంఘంలో పిల్లలంతా స్కేలు మావయ్య అంటారు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. ఆరాధన అయ్యాక పాటల బృందం సాధనకు కూర్చుంటుంది కదా, అప్పుడు ఆయన సంచిలోంచి పన్నెండు అంగుళాల స్కేలు తీసి, బెంచీ మీద ఆఖరి అబ్బాయికీ మొదటి అమ్మాయికీ మధ్య పెడతారు. స్కేలు పట్టిందా, పరిశుద్ధత ఉన్నట్టు. పట్టలేదా, ఆ వారం మా ఇంట్లో ఉపవాస ప్రార్థన. ఉపవాసం ఆయనది. సాయంత్రం అది విరమించేటప్పుడు నాలుగు రకాలు వండి పెట్టే భారం నాది.

ఆయనకి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ముందు గదిలో కూర్చుని వచ్చినవాళ్ళ చూపు పరీక్ష చేస్తారు. వెనక గదిలో నేను అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెడతాను, నువ్వుగింజంత మరలు బిగిస్తాను. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. ఎవరైనా "భలే కుదిరిందండీ" అని మెచ్చుకుంటే, ఆయన కళ్ళు పైకెత్తి "అంతా దేవుని కృప" అంటారు. వెనక గది దాకా ఆ మెప్పు ఏనాడూ రాలేదు.

నన్నెవరైనా ఏదైనా అడిగితే జవాబు ఆయనే చెబుతారు. "దానికేం తెలుసండీ" అన్నది ముందుమాట. ఆ మధ్య డాక్టరు "నొప్పి ఎక్కడమ్మా?" అని నన్నడిగితే, "మోకాలండీ" అన్నారు ఈయన. నొప్పి నడుములో. పది రోజులు మోకాలికి మందు రాసుకుని తిరిగాను. మోకాళ్ళు మాత్రం ఇప్పుడు దివ్యంగా ఉన్నాయి.

ఇలాంటి మనిషిని యౌవనస్థుల పవిత్రతా కమిటీకి అధ్యక్షుడిగా పెట్టకపోతే మా సంఘానికి నిద్ర పట్టదు కదా. పెట్టారు. పెట్టిన నెలకే పెద్ద పాపం ఒకటి పట్టుకున్నారు. కీబోర్డు వాయించే అబ్బాయికీ, ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మాయికీ పెళ్ళి కుదిరింది. ఒకరోజు వాన పడుతుంటే ఇద్దరూ ఒకే గొడుగు కింద బస్‌స్టాపు దాకా నడిచారు. ఈయన దుకాణంలోంచి చూశారు. నేనూ చూశాను. గొడుగంతా ఆ పిల్ల మీదే ఉంది. కుర్రాడు సగానికి పైగా తడిసి, కాస్త ఎడంగా నడుస్తూ, ఆమె ఏదో చెబుతుంటే తల వంచి వింటున్నాడు. నాకైతే చూస్తే ముచ్చటేసింది. కొంచెం ఏడుపు కూడా వచ్చింది, ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

"ఒకే గొడుగు!" అన్నారు ఈయన, దొంగను పట్టుకున్నంత సంబరంగా.

"కుర్రాడు తడుస్తున్నాడండీ," అన్నాను.

"నీకేం తెలుసు, నోర్మూసుకో."

అంతే, ఆ పెళ్ళి ప్రకటన ఆగిపోయింది. విచారణ అట. పిల్ల తల్లి మా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంది. "పెద్దయ్యాక చూద్దాం," అన్నారు ఈయన. అంటే వయసులో పెద్దయ్యాక కాదు. సంఘపెద్ద పదవి ఖాళీ అయింది, అది తనకే వస్తుందని ఆయన నమ్మకం. అప్పుడిక పాస్టరుగారు కూడా తన మాట కాదనలేరని ధీమా.

మా సంఘంలో పెద్దను నిలబెట్టడానికి ఒక పాత పద్ధతి ఉంది. ఆదివారం అందరి ముందూ పాస్టరుగారు అతని భార్యను లేపి ఒకే ప్రశ్న అడుగుతారు: "ఈయన ఇంట్లో మిమ్మల్ని గౌరవిస్తారా?" ఆమె అవునంటేనే తల మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. భార్యను గౌరవించనివాడి ప్రార్థనకు ఆటంకం కలుగుతుందని అపొస్తలుడు రాసిన మాట మీద పెట్టుకున్న పద్ధతి అది. ఇంతవరకూ కాదన్న భార్య లేదు. మా సంఘంలో ఇల్లిల్లూ గౌరవంతో పొంగిపొర్లుతోందన్నమాట.

శనివారం సాయంత్రం ఈయన నన్ను ముందు గదిలో నిలబెట్టి సాధన చేయించారు.

"లే. తల వంచు. 'అవునండి' అను. అంతే, సొంత పైత్యం వద్దు."

"అవునండి."

"ఏంటా ఏడుపు గొంతు? సంతోషంగా అను."

నాలుగుసార్లు అనిపించారు. నాలుగోసారికి సంతోషం వచ్చిందని ఆయనకి తృప్తి కలిగింది.

అవునంటే దేవుని మందిరంలో నిలబడి అబద్ధమాడినట్టు, పైగా ఆ పిల్లల పెళ్ళి నా నోటితో నేనే చెడగొట్టినట్టు. కాదంటే నలుగురిలో ఈయన తలెత్తుకోలేరు. ఎంత కోపమున్నా నాకది ఇష్టం లేదు. ఇష్టం లేకపోవడం కూడా నాకే ఇష్టం లేదు.

ఆదివారం మందిరం కిటకిటలాడింది. ఈయన ఇస్త్రీ చొక్కాతో ముందు వరసలో మోకాళ్ళ మీద ఉన్నారు. ప్రార్థన కోసం తల అప్పటికే వంచేసుకున్నారు. పాస్టరుగారు మా అబ్బాయంత వయసు మనిషి. నా వైపు తిరిగి, "అమ్మా, ఈయన ఇంట్లో మిమ్మల్ని గౌరవిస్తారా?" అని అడిగారు.

లేచాను. నోరు తెరిచాను.

"గౌరవిస్తానండి," అన్నారు మా ఆయన.

పాస్టరుగారు ఆయన వైపు తిరిగారు.

"అయ్యా, నేను అమ్మగారిని అడిగాను."

"దానికేం తెలుసండీ, నలుగురిలో మాట్లాడ్డం చేతకాదు. ఏ లోటూ లేకుండా చూసుకుంటున్నాను. మీరు ప్రార్థన కానివ్వండి."

వెనక వరసలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. తర్వాత ఆడవాళ్ళ వైపు దగ్గు అంటువ్యాధిలా పాకింది. పాస్టరుగారు నవ్వలేదు. నా జవాబు కోసం చూస్తూనే ఉన్నారు. ఎవరైనా నన్ను అడిగి అంతసేపు ఆగడం నాకు అలవాటు లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇంకా నేను చెప్పాల్సింది ఏమైనా మిగిలిందాండీ?" అన్నాను.

పాస్టరుగారు మెల్లిగా తల ఊపి, "సంఘపెద్ద ఎంపిక మరో సంవత్సరం ఆపుదాం," అన్నారు. అదే గొంతుతో తర్వాతి ప్రకటన చదివారు. కీబోర్డు అబ్బాయికీ నర్సమ్మాయికీ వచ్చే నెల మొదటి శనివారం వివాహం, అందరూ రావలసిందిగా కోరిక.

ఇంటికొచ్చాక ఈయన అన్నం ముట్టలేదు. చొక్కా కూడా విప్పకుండా కుర్చీలో కూర్చున్నారు. తిడతారనుకున్నాను, తిట్టలేదు. అప్పటిదాకా నేలను చూస్తున్న మనిషి, నేను గిన్నెల మీద మూతలు పెడుతుంటే తలెత్తారు.

"నేను నోరు మూసుకుని ఉంటే నువ్వేం చెప్పేదానివి?"

అడిగి, ఆగారు. నిజంగానే ఆగారు.

"అవుననే చెప్పేదాన్నండి," అన్నాను. "దేవుని ముందు నిలబడి మీకోసం అబద్ధమాడేదాన్ని. ఆ పాపం నాకంటకుండా మీరే అడ్డుపడ్డారు."

దానికీ ఏదో జవాబు చెప్పబోయి, ఆయన నోరు మూసుకున్నారు.