తిమింగలం పైకొచ్చేదాకా

మా అక్క నీలమ్మకు మాదాపూర్‌లో ఒక హాస్టల్లో వంటపని దొరికింది. సోమవారం పోతే శనివారం సాయంత్రం బస్సుకే రావడం. కూతురు అరుణజ్యోతిని నా దగ్గర వదులుతూ, "ఒక్క వారం చూస్త తమ్మీ. పిల్ల ఏడిస్తే గా పని ఇడిసిపెడ్త," అంది.

నేను ఇబ్రహీంపట్నం చెరువులో చేపలు పడతాను. ఐదో తరగతి దాటలేదు గానీ, ఆటపట్టించమంటే నా తర్వాతే ఎవరైనా. శుక్రవారం దాకా పిల్లను నవ్విస్తూనే ఉన్నాను.

ఆ రోజు అది బడి నుంచి ఒక బొమ్మ తెచ్చింది. ఒకవైపు స్క్విడ్ అనే పెద్ద సముద్రపు జీవి, ఇంకోవైపు తిమింగలం. రెండింటికీ తేడాలు చెప్పాలట.

"స్క్విడ్డుకు పది చేతులు మామా! కండ్లు పళ్లెమంత. నీళ్లల్లనే ఊపిరి తీస్తది. తిమింగలమైతే గాలికి పైకి రావాలె. కొట్లాడితే ఎవరు గెలుస్తరు?"

"స్క్విడ్డే! పది చేతులతోని గట్టిగ పట్టుకుంటది. పైకి పోనియ్యది. గంతే, ఖతం!" అంటూ పిల్ల ముక్కు పట్టుకున్నాను.

నవ్వలేదు. పెదవి వణికింది.

"మరి పిల్ల తిమింగలం? గంత లోతుకు పోవుడు దానికి చేతకాదని టీచర్ చెప్పింది. అమ్మ తిండికి పోతే పైన్నే ఉంటదట. అమ్మ రాకపోతే?"

నా పరాచికం అక్క పనికే ఎసరు పెట్టేలా ఉంది. సముద్రం నేనెన్నడూ చూడలేదు. తెలిసిన నీళ్లే చూపిద్దామని చెరువుకు తీసుకెళ్లాను.

తుంగ పక్కన కొర్రమట్ట చేపపిల్లలు ఎర్రగా గుంపుకట్టి ఉన్నాయి. గాలి కోసం అవి పైకొస్తుంటే నీళ్లు ఉడుకుతున్నట్టు ఉన్నాయి. పిల్లలను కాచుకునే కొర్రమట్ట మీద మావాళ్లు వల వేయరు.

"తల్లేది?" అంది.

"కిందికి పోయింది. జర ఆగు. దానికీ గాలి కావాలె, నీ తిమింగలం లెక్క."

వల సర్దుకుంటున్న బుగ్గయ్య పెదనాయన, "పిల్లను ఏడిపించినవారా, గాడ్ది కొడుకా?" అన్నాడు. అప్పుడే బుడుంగుమని ఒక నల్లటి తల లేచింది.

"వచ్చింది!" అని పిల్ల ఎగిరింది. మళ్లీ మొహం ముడుచుకుంది. "దీన్ని స్క్విడ్డు పట్టుకోలె గద. తిమింగలం మీదనైతే స్క్విడ్డు పట్టిన గుండ్రటి మచ్చలుంటయట."

"మచ్చలు చూసిందెవరే?"

"పడవలోళ్లు."

"ఎక్కడ చూసిండ్రు?"

"పైన... అంటే, ఇడిపించుకొని పైకొచ్చినట్టే గద మామా!"

"నన్నడుగుతవేందే? నువ్వేనాయె చదువుకున్నదానివి."

శనివారం అక్క బస్సు దిగుతూనే, "ఏడ్చిందా?" అంది.

నేను నోరు తెరిచేలోపే పిల్ల అందుకుంది. "నేనెందుకు ఏడుస్త? మామనే ఏడ్చిండు. నువ్వు సోమవారం పో అమ్మా, మామను నేను చూసుకుంట."

అక్క నావైపు చూసింది. నేను తువ్వాలు తీసి ముక్కు చీదుకున్నాను.